కల్చర్ పాజిటివ్ అంటే ఇన్‌ఫెక్షన్ అని కాదు: ఆసుపత్రి రికార్డుల గురించి ఒక బహిరంగ లేఖ

ఆసుపత్రుల మెడికల్ డైరెక్టర్లకు, వార్డుల్లో కేస్ షీట్లు రాసే డాక్టర్లకు, ల్యాబ్ అధిపతులకు, ఎలక్ట్రానిక్ రికార్డుల సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారికి, బీమా క్లెయిములు పరిశీలించేవారికి,

నమస్కారం.

మేము మెడికల్ రికార్డులకు కోడ్లు వేసేవాళ్లం (ప్రతి జబ్బుకూ ప్రామాణిక జాబితాలోని సంకేతాన్ని ఇచ్చే కోడర్లం), మైక్రోబయాలజీ ల్యాబుల్లో, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ విభాగాల్లో పనిచేసేవాళ్లం. ఈ విషయం సమావేశాల్లో చెప్పాం, నోట్లు పంపాం, ఫైళ్ల మీద క్వెరీలు (డాక్టర్‌ను వివరణ అడిగే ప్రశ్నలు) రాశాం. చాలావాటికి జవాబే రాలేదు. వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ‘రిపోర్టులో ఉంది కదా, చూసి వేసుకోండి’ అన్న ఒక్క ముక్క. అలా చూసి వేసుకోవడం కుదరదని చెప్పడానికే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాం.

కల్చర్ అంటే రోగి నమూనాలోని క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష. ఆ రిపోర్టులో బాక్టీరియా పేరు కనిపించడం వేరు, ఆ బాక్టీరియా వల్ల మనిషికి జబ్బు చేయడం వేరు. క్రిమి చర్మం మీదో, ముక్కులోనో, పేగుల్లోనో, మూత్రాశయంలోనో కాపురం పెట్టి, కణజాలం జోలికి పోకుండా ఉంటే అది కాలనైజేషన్. కణజాలంలోకి చొరబడో, విషం వదిలో హాని చేసి, జ్వరం, వాపు, చీము, నొప్పి, ఆయాసం లాంటివి తెచ్చిపెడితే అది ఇన్‌ఫెక్షన్. రెండింటికీ కోడ్లు వేరు, వైద్యం వేరు. రికార్డుల్లో మాత్రం రెండూ ఒక్కటై కూర్చుంటున్నాయి.

ఇది ఎక్కడో అరుదుగా ఎదురయ్యే చిక్కు కాదు. ఆరోగ్యంగా తిరిగే మనుషుల్లోనే దాదాపు ముగ్గురిలో ఒకరి ముక్కులో స్టాఫిలోకోకస్ ఆరియస్ ఉంటుంది. గర్భిణుల్లో సుమారు నలుగురిలో ఒకరికి గ్రూప్ బీ స్ట్రెప్టోకోకస్ ఉంటుంది. మూత్రనాళంలో కేథెటర్ (మూత్రం బయటికి తీసే గొట్టం) పెట్టాక మూత్రంలో బాక్టీరియా చేరే అవకాశం రోజుకు 3 నుంచి 8 శాతం చొప్పున పెరుగుతూ పోతుంది. నెల రోజులు ఉంచితే దాదాపు ప్రతి ఒక్కరి మూత్రంలోనూ ఏదో ఒకటి పెరుగుతుంది. వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో ఉండే స్త్రీలలో పావు నుంచి సగం మందికి ఏ బాధా లేకుండానే యూరిన్ కల్చర్ పాజిటివ్ వస్తుంది. వీళ్లలో ఎవరి నమూనా ల్యాబ్‌కు పంపినా రిపోర్టులో ఒక పేరు వస్తుంది. వచ్చిన పేరునల్లా జబ్బుగా రాస్తే, సగం వార్డుకు లేని రోగం అంటగట్టినట్టే.

తప్పు ఎక్కడ మొదలవుతుంది?

రోజూ కనిపించే తరహా ఫైలు ఒకటి తీసుకుందాం. తుంటి ఎముక విరిగి ఒక పెద్దావిడ చేరింది. ఎమర్జెన్సీలో కేథెటర్ వేశారు. చేరినవారందరికీ చేసే పరీక్షల జాబితాలో యూరిన్ కల్చర్ కూడా ఉంది కాబట్టి అదీ వెళ్లింది. మూడో రోజు రిపోర్టు వచ్చింది: ‘ఈ కోలై, మిల్లీలీటరుకు 1,00,000 కాలనీలకు పైన.’ ఆవిడకు జ్వరం లేదు, చలి లేదు, పొత్తికడుపులో నొప్పి లేదు, నడుము పక్కన తట్టినా నొప్పి లేదు. అయినా రౌండ్స్ నోట్‌లో ‘యూటీఐ, యాంటీబయాటిక్ మొదలు’ అని ఒక లైను పడింది. యూటీఐ అంటే మూత్రమార్గ ఇన్‌ఫెక్షన్. మర్నాడు డ్యూటీకి వచ్చినవారు ఆ నోట్‌నే కాపీ చేసి తేదీ మార్చారు. సాఫ్ట్‌వేర్ దాన్ని ప్రాబ్లమ్ లిస్టులోకి (రోగి జబ్బుల జాబితాలోకి) ఎక్కించింది. డిశ్చార్జ్ సమ్మరీకి వచ్చేసరికి అది ‘కేథెటర్ వల్ల వచ్చిన మూత్ర ఇన్‌ఫెక్షన్’ అయింది.

ఇప్పుడు ఫైలు కోడర్ చేతిలోకి వచ్చింది. డాక్టర్ సంతకంతో రోగనిర్ధారణ ఉంది. దాన్ని కాదనే అధికారం కోడర్‌కు లేదు. ఒకవేళ డాక్టర్ ఏమీ రాయకుండా రిపోర్టు మాత్రమే ఉంటే, దాన్ని చూసి రోగనిర్ధారణ ఊహించే అధికారమూ లేదు. ల్యాబ్ ఫలితం ఒక్కటే ఆధారంగా కోడ్ వేయకూడదన్నది ఈ వృత్తిలో మొదటి పాఠం. ‘చూసి వేసుకోండి’ అన్నవారు మమ్మల్ని సరిగ్గా ఆ పాఠాన్నే మరిచిపొమ్మంటున్నారు.

సామాన్యులకు జరుగుతున్న నష్టం

1. అక్కర్లేని మందు. పైన చెప్పిన పెద్దావిడకు యాంటీబయాటిక్ వల్ల వచ్చే మేలేమీ లేదు. లక్షణాలు లేని బాక్టీరియూరియాకు (మూత్రంలో బాక్టీరియా ఉండటానికి) గర్భిణుల్లోనూ, పొర చిట్లి రక్తం వచ్చే అవకాశమున్న మూత్రమార్గ శస్త్రచికిత్సలకు ముందూ తప్ప సాధారణంగా మందు వాడకూడదని అమెరికా ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్ సొసైటీ 2019 మార్గదర్శకాలు తేల్చి చెప్పాయి. కీడు మాత్రం వస్తుంది. పేగుల్లో మంచి క్రిములు చచ్చి క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ విరేచనాలు పట్టుకోవచ్చు, కిడ్నీ దెబ్బతినొచ్చు, దద్దుర్లు రావొచ్చు. అన్నిటికీ మించి, మిగిలిన బాక్టీరియా మందుకు మొండిబారుతుంది. 2019లో ప్రపంచవ్యాప్తంగా 12 లక్షల 70 వేల మరణాలకు మందులకు లొంగని బాక్టీరియా నేరుగా కారణమని ల్యాన్సెట్‌లో వచ్చిన అంచనా. ఆ సంఖ్యకు దారితీసే ప్రతి అనవసరపు డోసు వెనుకా ఎక్కడో ఒక కేస్ షీట్‌లో తప్పుగా పడిన లైను ఉండే వీలుంది.

2. అసలు జబ్బు మరుగున పడటం. మాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఇదే. పెద్దవయసు మనిషి హఠాత్తుగా పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు. యూరిన్ కల్చర్ పాజిటివ్. ‘యూటీఐ వల్ల అయోమయం’ అని రాసి, కారణం దొరికిందని వెతకడం ఆపేస్తారు. ఒంట్లో నీరు తగ్గిందేమో, సోడియం పడిపోయిందేమో, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత పనేమో, కిందపడి తలలో రక్తం గడ్డకట్టిందేమో, మూత్రం బిగుసుకుపోయిందేమో చూసేవారుండరు. రికార్డులో ఒక జవాబు రాసి ఉంటే తర్వాత వచ్చే డాక్టర్ ఆ ప్రశ్న మళ్లీ వేయడు.

3. చెరగని ముద్ర. ముక్కు స్వాబ్‌లో (దూదిపుల్లతో తీసిన నమూనాలో) ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిల్లిన్‌కు లొంగని స్టాఫిలోకోకస్ ఆరియస్) కనిపించినవారి ఫైలులో ‘ఎంఆర్‌ఎస్‌ఏ ఇన్‌ఫెక్షన్’ అని పడితే, అది ఏ స్వాబ్, ఏ తేదీ, జబ్బు చేసిందా లేదా అన్న వివరాలు రాలిపోయి నాలుగు అక్షరాల హెచ్చరికగా ఏళ్ల తరబడి వెంట వస్తుంది. ప్రతి అడ్మిషన్‌లోనూ విడిగదిలో పెడతారు. గౌను, గ్లవ్స్ వేసుకుని వెళ్లాలి కాబట్టి గదిలోకి వచ్చేవారి రాకలు తగ్గుతాయి, రోగి దిగులు పడతాడు. ఆపరేషన్ జాబితాలో చివరికి నెడతారు. పునరావాస కేంద్రం చేర్చుకోవడానికి వెనకాడుతుంది. అసలైన వాహకుడికి (జబ్బు లేకుండా క్రిమిని మోసేవారికి) జాగ్రత్తలు కావలసిందే, వాటిని మేము తప్పుపట్టడం లేదు. ఎందుకు, ఎప్పటి ఫలితం మీద, ఎప్పటివరకు అన్నది రాయకుండా ముద్ర వేయడాన్ని తప్పుపడుతున్నాం.

4. లెక్కలు తప్పడం. స్క్రీనింగ్ స్వాబ్‌లలో దొరికినవాటిని కూడా కలిపి యాంటీబయోగ్రామ్ (ఏ క్రిమి ఏ మందుకు ఎంత శాతం లొంగుతుందో చెప్పే పట్టిక) తయారుచేస్తే మందులకు లొంగని క్రిముల శాతం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని చూసి డాక్టర్లు మొదటి రోజే పెద్ద మందు ఎత్తుకుంటారు. గోటితో పోయేది గొడ్డలి దాకా వెళ్తుంది. నిఘా కోసం తీసిన నమూనాలను వదిలేసి, ఒక రోగి నుంచి ఒక జాతికి మొదటి ఫలితాన్ని మాత్రమే లెక్కించాలన్న నియమం ఉన్నది ఇందుకే.

5. బిల్లు, బీమా. లేని ఇన్‌ఫెక్షన్‌కు క్లెయిమ్ పెడితే తర్వాతి ఆడిట్‌లో తిరస్కరిస్తారు, ఆ భారం చివరికి రోగి కుటుంబం మీద పడొచ్చు. ఆసుపత్రిలో సోకిన ఇన్‌ఫెక్షన్ల లెక్క లేనిపోని విధంగా పెరుగుతుంది.

ఇంకో వైపు తప్పు కూడా చెప్పాలి

అంతా కాలనైజేషన్ అని కొట్టిపారేయమని మేము అడగడం లేదు. రక్తంలో స్టాఫిలోకోకస్ ఆరియస్ ఒక్క సీసాలో పెరిగినా దాన్ని కలుషితంగా తీసేయకూడదు, క్యాండిడా పెరిగినా అంతే. అలా తీసేస్తే గుండె కవాటాల దాకా పాకి ప్రాణం మీదికి తెచ్చుకున్నట్టే. ఆసుపత్రిలో సోకిన నిజమైన ఇన్‌ఫెక్షన్‌ను అంకెలు బాగా కనిపించాలని కాలనైజేషన్‌గా రాయడం కూడా మాకు సమ్మతం కాదు. ఈ లేఖను అందుకు వాడుకోవద్దని మనవి.

తేడా ఎలా పట్టాలి

ఇది కోడర్ తేల్చలేడు, మంచం పక్కన నిలబడినవారే తేల్చాలి. ఒక్కో నమూనాకు ఒక్కో చిక్కు ఉంది.

మూత్రంలో చీముకణాలు, నైట్రైట్ కనిపించినంత మాత్రాన ఇన్‌ఫెక్షన్ కాదు, కాలనైజేషన్‌లోనూ అవి ఉంటాయి. మూత్రం మబ్బుగా ఉండటం, వాసన రావడం కూడా ఆధారాలు కావు. కేథెటర్ రెండు వారాలకు పైగా ఉంటే దాని గోడలకు జిగటపొర కడుతుంది, ఆ పాత గొట్టంలోంచి తీసిన నమూనా గొట్టం గురించి చెబుతుంది గానీ మూత్రాశయం గురించి కాదు. గొట్టం మార్చి, కొత్తదాని నమూనా రంధ్రం నుంచి తీయాలి. సంచిలోంచి ఎప్పుడూ తీయకూడదు.

రక్తం కల్చర్‌కు వేర్వేరు చోట్ల గుచ్చి రెండు సెట్లు (ఒక్కోచోట తీసిన రక్తం నింపే సీసాలు) తీయాలి, పెద్దవారికి ఒక్కో సెట్టుకు సుమారు 20 మిల్లీలీటర్లు. కోయాగులేజ్ నెగెటివ్ స్టాఫిలోకోకస్ రెంటిలో ఒక్క సెట్టులోనే పెరిగితే అది ఎక్కువసార్లు చర్మం మీది క్రిమే. ఒకే సెట్టు పంపితే ఈ పోలికకు తావే ఉండదు, రోగి వారం రోజులు వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ మీద పడి ఉంటాడు. కలుషిత నమూనాలు మొత్తంలో 3 శాతం దాటితే తీసే పద్ధతిలోనే లోపం ఉన్నట్టు.

కఫం విషయంలో ముందు సూక్ష్మదర్శిని మాట వినాలి. తక్కువ పవర్‌లో ఒక్కో క్షేత్రానికి 25కు పైగా న్యూట్రోఫిల్స్ (చీముకణాలు), 10కంటే తక్కువ పొలుసు కణాలు (నోటి పైపొర కణాలు) ఉంటేనే అది ఊపిరితిత్తుల లోపలి నుంచి వచ్చిందని నమ్మొచ్చు. పొలుసు కణాలు నిండుగా ఉంటే అది ఉమ్మి. కఫంలో క్యాండిడా దాదాపు ఎప్పుడూ కాపురం ఉండేదే. ఎక్స్‌రేలో కొత్త మచ్చ లేకుండా, ఆక్సిజన్ అవసరం పెరగకుండా ‘న్యుమోనియా’ అని రాయొద్దు.

మలంలో డిఫిసిల్ పరీక్ష 24 గంటల్లో కనీసం మూడుసార్లు పల్చగా విరేచనం అయినవారికే చేయాలి, విరేచనం మందు ఇచ్చి ఉంటే ముందు దాన్ని ఆపి చూడాలి. పీసీఆర్ అనే పరీక్ష క్రిమిలోని విషపు జన్యువును పట్టుకుంటుంది, విషం తయారవుతోందో లేదో చెప్పదు. అందుకే పీసీఆర్ పాజిటివ్ వచ్చి టాక్సిన్ (విషం) పరీక్ష నెగెటివ్ అయితే వాహకుడే అయ్యే అవకాశం బాగా ఉంటుంది. తగ్గిందా లేదా అని చికిత్స తర్వాత మళ్లీ పరీక్ష చేయడం వల్ల ఒరిగేదేమీ లేదు, తగ్గినవారిలో కూడా పాజిటివ్ వస్తుంది.

మానని పుండ్లన్నిటి మీదా బాక్టీరియా ఉంటుంది. పైపైన స్వాబ్ పూస్తే అన్నీ దొరుకుతాయి. సెలైన్‌తో కడిగి, శుభ్రమైన కణజాలం ఉన్న చోట ఒక చదరపు సెంటీమీటరు మేర నొక్కి స్రావం తేలేలా తీయాలి, వీలైతే కణజాలపు ముక్క పంపాలి. చుట్టూ ఎరుపు పాకుతోందా, వేడి ఉందా, చీము ఉందా అన్నదే తీర్పు.

కోడ్ల సంగతి

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల కోడ్ల జాబితా ఐసీడీ-10లో బాక్టీరియా వాహకులకు జెడ్22.3 ఉంది. అమెరికాలో వాడే ఐసీడీ-10-సీఎం దాన్ని ఇంకా విడదీసింది: ఎంఆర్‌ఎస్‌ఏ వాహకుడికి జెడ్22.322, మెథిసిల్లిన్‌కు లొంగే స్టాఫ్ ఆరియస్ వాహకుడికి జెడ్22.321, గ్రూప్ బీ స్ట్రెప్ వాహకులకు జెడ్22.330, అదే గర్భిణి అయితే ఓ99.820. లక్షణాలు లేని బాక్టీరియూరియాకు ఆర్82.71. ఇన్‌ఫెక్షన్ అయితే ముందు చోటు చెప్పే కోడ్, దాని వెంట కారకాన్ని చెప్పే బీ95.62 (ఎంఆర్‌ఎస్‌ఏ) లాంటివి. చోటు తెలియని ఎంఆర్‌ఎస్‌ఏ ఇన్‌ఫెక్షన్‌కు ఏ49.02. గతంలో జబ్బు చేసి తగ్గిపోయినవారికి జెడ్86.14. ఒకే అడ్మిషన్‌లో కాలనైజేషనూ ఇన్‌ఫెక్షనూ రెండూ డాక్టర్ రాస్తే రెండు కోడ్లూ వేయొచ్చు. అంటే మాట దొరికితే చాలు, దానికి తగిన కోడ్ సిద్ధంగా ఉంది.

డాక్టర్లు తెలియక పడే ఒక గుంట గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఐసీడీ-10-సీఎం నిబంధనల్లో ఇన్‌పేషెంట్ డిశ్చార్జ్ సమయానికి ‘అనుమానం’, ‘బహుశా’, ‘కావచ్చు’ అని మిగిలిపోయిన రోగనిర్ధారణను నిర్ధారణ అయినట్టే కోడ్ చేయాలి. ‘యూటీఐ కావచ్చు’ అని జాగ్రత్త కోసం రాసిన మాట ఎన్39.0గా, పూర్తి ఇన్‌ఫెక్షన్‌గా బయటికి వెళ్తుంది. కాదని తేలాక ఆ మాట తీసేయాలి, ‘కాదని తేలింది’ అని రాయాలి.

డాక్టర్ రాయాల్సింది పేజీలు కాదు. ఈ మాత్రం చాలు:

‘యూరిన్ కల్చర్‌లో ఈ కోలై. జ్వరం, మూత్ర లక్షణాలు లేవు. లక్షణాలు లేని బాక్టీరియూరియా, ఇన్‌ఫెక్షన్ కాదు. యాంటీబయాటిక్ అవసరం లేదు. కేథెటర్ ఈ రోజు తీసేశాం.’

లేదా,

‘ఎడమ కాలి పుండు చుట్టూ 3 సెంటీమీటర్ల ఎరుపు, చీము. కణజాల కల్చర్‌లో ఎంఆర్‌ఎస్‌ఏ. ఎంఆర్‌ఎస్‌ఏ వల్ల సెల్యులైటిస్, చేరేటప్పటికే ఉంది. ముక్కు స్వాబ్ కూడా పాజిటివ్, వాహకుడు.’

ఇది రాయడానికి అర నిమిషం పడుతుంది. రాయకపోతే మేము క్వెరీ పంపాలి, మీరు వారం తర్వాత మరిచిపోయిన రోగిని గుర్తు చేసుకోవాలి, క్లెయిమ్ ఆగిపోవాలి.

మా డిమాండ్లు

1. రికార్డులో ప్రతి పాజిటివ్ కల్చర్ పక్కన వైద్యం చేస్తున్న డాక్టరే నింపాల్సిన ఒక గడి పెట్టండి. ఎంపికలు నాలుగు: ఇన్‌ఫెక్షన్, కాలనైజేషన్, కలుషిత నమూనా, ఇంకా తేలలేదు. తుది రిపోర్టు వచ్చిన 48 గంటల్లో నింపాలి. ‘ఇంకా తేలలేదు’ అన్నది ఉంటే డిశ్చార్జ్ సమ్మరీ మీద సంతకం చేసే ముందు సాఫ్ట్‌వేర్ మళ్లీ అడగాలి. ముందే నిండి ఉండే జవాబు ఉండకూడదు.

2. ల్యాబ్ ఫలితం నుంచి ప్రాబ్లమ్ లిస్టులోకి సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇన్‌ఫెక్షన్ అని ఎక్కించడం ఆపండి. ఇది తయారీదారులకు మా సూటి విన్నపం.

3. స్క్రీనింగ్ స్వాబ్‌కు వేరే ఆర్డర్ పేరు, రిపోర్టులో వేరే శీర్షిక ఇవ్వండి. ముక్కు, చంక, గజ్జ, మలద్వారం స్వాబ్‌లు చీము కల్చర్‌తో కలిసి ఒకే జాబితాలో కనిపించకూడదు. ‘ఇది నిఘా నమూనా, ఈ ఫలితం ఒక్కటే చూసి చికిత్స మొదలుపెట్టవద్దు’ అన్న వాక్యాన్ని ల్యాబ్ అలాంటి ప్రతి రిపోర్టు కింద అచ్చువేయాలి.

4. చేరినవారందరికీ చేసే పరీక్షల సెట్టులోంచి యూరిన్ కల్చర్ తీసేయండి. ఆర్డర్ చేసేవారు లక్షణం ఏమిటో ఎంచుకోవాలి. గర్భిణులకు, మూత్రమార్గ ఆపరేషన్లకు మినహాయింపు పెట్టండి.

5. ఎంఆర్‌ఎస్‌ఏ లాంటి హెచ్చరికల్లో క్రిమి పేరు, నమూనా, తేదీ, వాహకుడా రోగా అన్నది, మళ్లీ సమీక్షించాల్సిన తేదీ ఉండాలి. ముద్ర తీయడానికి ఎవరిని అడగాలో, ఎన్ని నెగెటివ్ స్వాబ్‌లు కావాలో రాతపూర్వకంగా ప్రకటించండి. రోగి తన రికార్డు కాపీలో తప్పు చూపిస్తే సరిదిద్ది, సరిదిద్దినట్టు రాతలో ఇవ్వండి.

6. కోడర్ పంపిన క్వెరీకి రెండు పనిదినాల్లో జవాబు రావాలి. క్వెరీలో మేము జవాబు సూచించం. ‘12వ తేదీ ముక్కు స్వాబ్‌లో ఎంఆర్‌ఎస్‌ఏ, 13వ తేదీ నోట్‌లో ఎంఆర్‌ఎస్‌ఏ పాజిటివ్ అని ఉంది. దీని వైద్యపరమైన ప్రాముఖ్యం తెలపగలరు: వాహకుడు, ఇన్‌ఫెక్షన్ (చోటు తెలపండి), ఇతరం, చెప్పలేం’ అని మాత్రమే ఉంటుంది. మౌనాన్ని ఏదో ఒక కోడ్‌గా మార్చమని ఇకపై మమ్మల్ని అడగవద్దు.

7. నెలకు 30 ఫైళ్లు తీయండి. సగం ఇన్‌ఫెక్షన్ కోడ్ పడినవి, సగం వాహకుడి కోడ్ పడినవి. మొదటి రకంలో లక్షణం, చోటు, చికిత్స మూడూ నోట్‌లో ఉన్నాయా, రెండో రకంలో దాచిన ఇన్‌ఫెక్షన్ ఏమైనా ఉందా, చేరేటప్పుడే ఉందా లేదా అన్న గుర్తు సరిగా ఉందా చూడండి. డాక్టర్, మైక్రోబయాలజిస్ట్, కోడర్ ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని చూడాలి. ఫలితాన్ని విభాగాల వారీగా నోటీసు బోర్డు మీద పెట్టండి, డాక్టర్ల పేర్లు అక్కర్లేదు.

8. క్లెయిములు పరిశీలించేవారు వాహకుడి కోడ్ చూసి ‘ఇన్‌ఫెక్షన్‌కు ఆధారం లేదు’ అని ఫైలు వెనక్కి పంపడం మానాలి. అది ఇన్‌ఫెక్షన్ అని ఎవరూ అనలేదు. ఐసోలేషన్ గదికి, స్క్రీనింగ్‌కు అయిన ఖర్చును ఆ కోడ్ కిందే గుర్తించాలి. నిజాయితీగా రాసినవారి డబ్బు ఆగిపోతే, రేపు రాసేవారు ఇన్‌ఫెక్షన్ అనే రాస్తారు.

వీటిలో మొదటి రెండింటికీ, నాలుగోదానికీ కొత్త యంత్రాలు, కొత్త ఉద్యోగాలు అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌లో చిన్న మార్పు, ఒక సర్క్యులర్ సరిపోతాయి. వాటిని 30 రోజుల్లో అమలు చేయాలనీ, మిగతావాటికి తేదీలతో కూడిన జవాబు అదే గడువులో రాతపూర్వకంగా ఇవ్వాలనీ కోరుతున్నాం. ఆ గడువు లోపల క్వెరీకి జవాబు రాని ప్రతి ఫైలునూ ఇన్‌ఫెక్షన్ కోడ్ వేయకుండా, ‘వైద్యుడి వివరణ అందలేదు’ అని రాసి తిప్పి పంపుతాం.

ఇట్లు,
మెడికల్ కోడింగ్, మైక్రోబయాలజీ, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ విభాగాల ఉద్యోగులు